పిల్లల క్యాన్సర్ కుటుంబాలతో పనిచేసేవాళ్లకు ఏ సామగ్రి పనికొస్తుంది? దేవరకొండ నుంచి నా రివ్యూ

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లల్లో, తండాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల ఇళ్లకు పోయి మాట్లాడటం నా పని. కీమో అంతా హైదరాబాద్‌లో జరుగుతుంది. ఇంటికి తిరిగొచ్చాక ఆ తల్లిదండ్రులకు దగ్గర్లో ఉండేది నాలాంటి కౌన్సెలర్లు, ఆశా అక్కలు, పీహెచ్‌సీ సిస్టర్లు, బడి పంతుళ్లే. మనకోసం ఏదైనా మంచి సామగ్రి ఉందా అని అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది 2015లో ‘పీడియాట్రిక్ బ్లడ్ అండ్ క్యాన్సర్’ పత్రికలో వచ్చిన సైకోసోషల్ ప్రమాణాల గురించి, అంటే క్యాన్సర్ వచ్చిన పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు మానసికంగా, సామాజికంగా ఎట్లాంటి తోడ్పాటు ఇవ్వాలో చెప్పే నియమాలు. మొత్తం 15 ఉన్నాయి. క్యాన్సర్‌తో కొడుకును పోగొట్టుకున్న అమెరికా దంపతులు పెట్టిన మ్యాటీ మిరకిల్ ఫౌండేషన్ పూనుకుని నిపుణులతో రాయించింది.

మనకు ట్రైనింగుల్లో ‘కుటుంబానికి ధైర్యం చెప్పండి’ అంటారు, అక్కడితో వదిలేస్తారు. ఈ ప్రమాణాలు అట్లా వదలవు. ఎవరిని, ఏమని, ఎప్పుడు అడగాలో చెప్తాయి. డబ్బు సంగతే తీసుకోండి. జబ్బు తేలిన రోజుల్లోనే ఆర్థిక ఇబ్బంది గురించి అడగాలి, చికిత్స సాగినంత కాలం మళ్లీ మళ్లీ అడగాలి అని అందులో ఉంది. ఎక్కువమంది పిల్లలకు వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు వైద్యం రెండు మూడేళ్లు నడుస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది, ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి తల్లికి టికెట్ ఖర్చు లేదు. కానీ తండ్రికి, పదేళ్ల కొడుక్కి టికెట్ ఉంది. పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. పాలమూరు వైపు నుంచి పుణె, ముంబయి పనులకు పోయే కుటుంబాలైతే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు కూడా నెత్తి మీద ఉంటుంది. నాలుగో నెలలో మందులు మానేసిన ఇంటికి పోయి చూస్తే, చాలాసార్లు కారణం భయం కాదు, ఈ లెక్కే.

నాకు అన్నిటికన్నా విలువైనది తోబుట్టువుల ప్రమాణం. జబ్బుపడ్డ బిడ్డతో పాటు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా మానసికంగా దెబ్బతినే ప్రమాదంలో ఉంటారని, వాళ్లకూ తోడ్పాటు ఇవ్వాలని అది స్పష్టంగా చెప్తుంది. మన దగ్గర వాళ్లను పలకరించేవాళ్లే ఉండరు. ఒక తండాలో ఐదో తరగతి పిల్ల. తల్లిదండ్రులు తమ్ముణ్ని తీసుకుని హైదరాబాద్‌లో ఉన్నారు, ఈ పిల్ల నానమ్మ దగ్గర. రేకుల కింద కూర్చుని పత్తికాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది: ‘నేను వాని వీపు మీద గుద్దిన. అందుకే వచ్చిందా అక్కా?’ ఎన్నాళ్ల నుంచి మోస్తుందో ఆ మాట. నేను ఇట్లా చెప్పిన: ‘రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారైతది. అక్కడ పనికిరాని కణాలు ఎక్కువైపోయినయి. గుద్దితే రాదు, తిడితే రాదు, ఒక్క కంచంలో తింటే అంటదు.’ ఆ పిల్ల మూడోది మళ్లీ చెప్పించుకుంది. ఆ వారమే వీడియో కాల్‌లో తమ్మునితో మాట్లాడింది.

పెద్దవాళ్లదీ అదే బాధ. మర్రిగూడ, చండూరు వైపు పోతే ‘మా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే వచ్చిందా?’ అని తల్లులు అడుగుతారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నామో తవ్వుకుంటారు. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువ వాటికి కారణం ఇదీ అని తెలియదు, తల్లిదండ్రులు చేసిన తప్పు వల్ల వచ్చేది కాదు. ఈ మాట డాక్టర్ ఒకసారి చెప్తే సరిపోదు. మేనత్త ముందు, అత్త ముందు మనం కూడా చెప్పాలి.

ఇక ‘సైకోసోషల్ అసెస్‌మెంట్ టూల్’. అమెరికా సైకాలజిస్టు యాన్ కజాక్ బృందం తయారుచేసిన ప్రశ్నావళి ఇది. కుటుంబ వనరులు, చుట్టాల తోడు, తోబుట్టువుల ఇబ్బందులు, తల్లిదండ్రుల ఒత్తిడి గురించి అడిగి, కుటుంబాలను అవసరాన్ని బట్టి మూడు స్థాయిలుగా చూస్తుంది. ఆలోచన చాలా మంచిది, కానీ మన దగ్గర కాగితం రూపంలో నడవదు. ఫారం చేతికిస్తే సంతకం పెట్టాలేమో, పథకం ఆగిపోతుందేమో అని తండ్రి ముఖం మారిపోతుంది. అందుకే దాని స్కోరు జోలికి పోకుండా, ఏయే విషయాలు అడగాలో మనసులో పెట్టుకుని మాటల్లో కలిపి అడుగుతా.

బడి విషయం త్వరగా చెప్తా. పిల్లవాడు తిరిగి బడికి పోయేటప్పుడు ఇల్లు, ఆస్పత్రి, బడి మధ్య మాట్లాడేవాళ్లు ఒకరు ఉండాలంటుంది ఇంకో ప్రమాణం. ఒక బడిలో గుండుతో వచ్చిన పిల్లవాణ్ని అంటుకుంటుందని వెనక బల్ల మీద ఒక్కణ్నే కూర్చోబెట్టారు. ముందుగా పోయి టీచర్లతో మాట్లాడి ఉంటే ఆ పూట వానికి తప్పేది.

అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్న పిల్లల ఆస్పత్రి సెయింట్ జూడ్ వాళ్ల ‘టుగెదర్’ వెబ్‌సైట్ ఉచితం, భాష తేలిక. పిల్లలకు వయసును బట్టి జబ్బు గురించి ఎట్లా చెప్పాలో చాలా బాగా రాశారు. కీమోలో ఉన్న బిడ్డకు 100.4 దాటి జ్వరం వస్తే గోలీ వేసి తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి, ఇది ఆశా అక్కలందరికీ నోటికి రావాలి. ఒక సంగతి: హైదరాబాద్‌లో కుటుంబాలకు ఉచితంగా వసతి ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వేరే సంస్థ. మెంఫిస్‌లోని ఆస్పత్రిది కాదు. చాలామంది కలిపేసుకుంటున్నారు. వసతి కావాలంటే బిడ్డకు వైద్యం చేస్తున్న ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను అడగండి.

లోపం చెప్పాలంటే, ఈ ప్రమాణాలు ఆస్పత్రిలో సైకాలజిస్టు, సోషల్ వర్కర్ ఉన్నారనుకుని రాసినవి. బిడ్డ పోయాక వైద్య బృందంలో ఒకరు ఆ ఇంటిని మళ్లీ పలకరించాలని కూడా ఉంది. దినాలు కాగానే చుట్టాలు వెళ్లిపోతారు, తల్లికి అసలు కష్టం అప్పుడే. ఆ పని మన దగ్గర సిస్టరో ఆశా అక్కో చేయాలి. ఈ పని చేసేవాళ్లకు రాత్రి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. నేనూ చేశా.

తోబుట్టువుల భాగాన్నైనా ఆడియోగా చేస్తే ఫోన్లలో తండాలన్నిటికీ పంపొచ్చు. రికార్డింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా ముందుకు రండి. లంబాడీలో నేను చెప్తా, తెలుగులో చెప్పడానికి ఒక సిస్టర్ సిద్ధంగా ఉంది.