చోదక బలం లెక్కగట్టే పట్టిక: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

ఏ వాహనం వివరాలు చేతికొచ్చినా ముందు నా స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూడటం ఏళ్లుగా నాకు అలవాటు. చక్రాల దగ్గర వాహనాన్ని ముందుకు నెట్టే చోదక బలాన్ని అది లెక్కగడుతుంది. అందులో ఉన్న సూత్రం చిన్నది. ఇంజను తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను గేరు నిష్పత్తితో, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకు ముందు ఉండే చివరి గేర్ల జత) నిష్పత్తితో, ప్రసార సామర్థ్యంతో (ఇంజను నుంచి చక్రాల దాకా నష్టపోకుండా చేరే వంతు) గుణించి, చక్రం వ్యాసార్ధంతో భాగించాలి.

ఒక చిన్న కారునే తీసుకోండి. 4000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 110 న్యూటన్ మీటర్ల టార్క్, మొదటి గేరు 3.5, ఫైనల్ డ్రైవ్ 4.1, సామర్థ్యం 0.9, వ్యాసార్ధం 0.28 మీటర్లు అనుకుంటే చక్రాల దగ్గర దాదాపు 5070 న్యూటన్ల బలం పుడుతుంది. నిష్పత్తి 0.8 ఉన్న టాప్ గేరులో అదే టార్క్‌కు దక్కేది 1160 న్యూటన్లే.

నాకు బాగా నచ్చింది, ఈ జవాబును మరో దారిలో సరిచూసుకోగలగడం. పవర్‌ను సామర్థ్యంతో గుణించి వేగంతో భాగించినా బలమే రావాలి. ఆ టాప్ గేరులో పవర్ 46.08 కిలోవాట్లు, వేగం సెకనుకు 35.76 మీటర్లు, అంటే గంటకు సుమారు 129 కిలోమీటర్లు. లెక్క చేస్తే మళ్లీ 1160 న్యూటన్లే వస్తాయి. రెండూ కలవకపోతే ముందు ప్రమాణాలను (యూనిట్లను) అనుమానించాలి. గంటకు కిలోమీటర్లను 3.6తో భాగించకుండా వదిలేయడం తరచూ జరిగేదే.

టార్క్ గొప్పదా, పవర్ గొప్పదా అన్న వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒకే వేగంలో, ఏ గేరులో ఇంజను ఎక్కువ పవర్ ఇస్తుందో ఆ గేరులోనే బలం ఎక్కువ. ప్రతి గేరుకూ వేగం, బలం గీతలు గీస్తే, అవి ఖండించుకునే చోట గేరు మార్చాలి. అసలు ఖండించుకోకపోతే కింది గేరులోనే ఇంజను ఆర్పీఎం పరిమితి దాకా లాగాలి. ఎంత వాదించినా దొరకని స్పష్టత ఆ గ్రాఫ్‌లో ఒక్క చూపులో దొరుకుతుంది!

లోటు సూత్రంలో లేదు, అందులో వేసే అంకెల్లో ఉంది. 175/65 ఆర్14 టైరు వ్యాసార్ధం కాగితం మీద 292 మిల్లీమీటర్లు. బరువు పడ్డాక టైరు కాస్త అణుగుతుంది. అది పట్టించుకోకపోతే బలం నాలుగు శాతం దాకా తక్కువగా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చే టార్క్ అంకె కూడా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటిదే.

పట్టు సంగతి ఈ సూత్రం చెప్పదు. ముందు చక్రాల మీద 700 కిలోల బరువుండి, తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.5 అయితే, రోడ్డు తీసుకోగలిగేది సుమారు 3430 న్యూటన్లే. మొదటి గేరులో మిగిలిన బలానికి చక్రాలు జారతాయి. అందుకే ఆ హద్దుకు విడిగా ఒక నిలువు వరుస చేర్చుకున్నాను. ఎవరు వాడినా అది తప్పకుండా ఉండాలంటాను.