జాగ్రత్త: ఒక్క పూటలో సీబీటీ, గ్యారంటీ సర్టిఫికెట్ అంటే డబ్బు కట్టొద్దు

యూకేలో 125 సీసీ బైకో స్కూటరో నడపాలని సీబీటీ కోసం వెతుకుతున్న మనవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. సీబీటీ అంటే కంపల్సరీ బేసిక్ ట్రైనింగ్. కొత్తగా బండెక్కేవాళ్లకు 1990 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన శిక్షణ. దీని పేరు చెప్పి రెండు రకాలుగా ముంచుతున్నారు. ఒకటి, చౌక రేటు చూపించి సగం శిక్షణతో సరిపెట్టడం. రెండోది, శిక్షణే లేకుండా సర్టిఫికెట్ అమ్మడం. రెండోది పచ్చి మోసమని అందరికీ తెలుసు. మొదటిది మోసమని చాలామందికి తెలియదు, పైగా సర్టిఫికెట్ తొందరగా చేతికొచ్చిందని సంతోషపడతారు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

బండి అద్దె, హెల్మెట్, గ్లవ్స్ కలిపి సీబీటీకి చాలా చోట్ల 130 నుంచి 200 పౌండ్ల దాకా తీసుకుంటారు. ప్రభుత్వం పెట్టిన రేటంటూ లేదు, ఎవరి రేటు వాళ్లది. ప్రకటనలో 70, 80 పౌండ్లని కనబడితే అందులో ఏవేవి కలవలేదో ముందే అడగాలి. తీరా వెళ్లాక బండి అద్దె వేరే, ఇన్సూరెన్సు వేరే, జాకెట్టు వేరే, శని ఆదివారాలైతే అదనం అంటూ బిల్లు మామూలు రేటును దాటిపోతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, మీరు డబ్బు కట్టిన వెబ్‌సైటు అసలు ట్రైనింగ్ స్కూలుది కాకపోవచ్చు. మధ్యలో ఉన్న బుకింగ్ ఏజెంటు డబ్బు తీసుకుని, ఆ వారం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపిస్తాడు. క్లాసు రద్దయితే స్కూలేమో ఏజెంటుని అడగమంటుంది, ఏజెంటేమో స్కూలుని అడగమంటాడు. కాబట్టి శిక్షణ ఇచ్చే సంస్థ పేరు, సైటు అడ్రసు ముందుగా ఈమెయిల్లో తీసుకోండి. ఆ సంస్థకు డీవీఎస్ఏ (డ్రైవింగ్ పరీక్షలు, శిక్షణ చూసుకునే ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉండాలి. ఆమోదం ఉన్న స్కూళ్లను గవ్ డాట్ యూకే సైటులో వెతుక్కోవచ్చు.

ఇక అసలు లెక్క. సీబీటీలో ఎ నుంచి ఇ వరకు ఐదు భాగాలు, ఒకటి వచ్చాకే తర్వాతది. ఎలో పరిచయం, కంటిచూపు, వేసుకోవాల్సిన బట్టలు. బిలో ఆగి ఉన్న బండితో పని. సిలో రోడ్డు కాని ఖాళీ స్థలంలో నడపడం. డిలో రోడ్డెక్కేముందు కూర్చోబెట్టి చెప్పే పాఠం. ఇలో రోడ్డు. ఖాళీ స్థలంలో ఒక ఇన్‌స్ట్రక్టరు దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. రోడ్డు మీద ఇద్దరికి మించకూడదు. రోడ్డు మీద ప్రతి ఒక్కరూ కనీసం 2 గంటలు నడపాలి.

ఈ మూడు అంకెలూ పట్టుకుని ప్రకటనను చూడండి. నలుగురికి ఒకే ఇన్‌స్ట్రక్టరు ఉంటే, ఇద్దరిద్దరిని తీసుకెళ్లేసరికి రోడ్డుకే 4 గంటలు. ఎ, బిలకు ఓ గంట, సికి రెండు మూడు గంటలు, డికి ముప్పావు గంట వేసుకుంటే ఎనిమిది గంటలకు అటూ ఇటూ అవుతుంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే ఆరు, ఆరున్నర గంటల్లో తెమలొచ్చు. పొద్దున 9కి మొదలుపెట్టి ఒంటిగంటకల్లా నలుగురి చేతిలోనూ సర్టిఫికెట్ పెట్టారంటే ఎక్కడో కోత పడిందన్నమాట. ఆ కోత దాదాపు ఎప్పుడూ రోడ్డు మీద గడపాల్సిన సమయానికే పడుతుంది, ఎందుకంటే ఇన్‌స్ట్రక్టరు జీతం, పెట్రోలు ఎక్కువ ఖర్చయ్యేది అక్కడే. అందుకే ఫోన్ చేసినప్పుడు రేటుకన్నా ముందు ఇది అడగండి: "ఆ రోజు ఎంతమంది వస్తున్నారు, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, రోడ్డు మీద నాకు ఎన్ని గంటలు?" సూటిగా జవాబు చెప్పని చోట కట్టొద్దు.

ఖాళీ స్థలంలో నేర్పే భాగం మనవాళ్లకు చాలా ముఖ్యం. ఊళ్లో పదేళ్లు బండి నడిపినవాళ్లకు మరీ ముఖ్యం. "నీకు వచ్చుగా, రెండు రౌండ్లు కొట్టు చాలు" అని ఇన్‌స్ట్రక్టరు అంటే పొంగిపోకండి. ఇక్కడి 125 బైకుల్లో ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి, న్యూట్రల్ ఒకటికీ రెండుకీ మధ్యలో. మన దగ్గర స్ప్లెండర్ లాంటి బండ్లలో గేర్లన్నీ ముందుకు తొక్కుతూ పోవడమే. ఆ అలవాటున్న కాలు మూడో గేరులో పోతూ నాలుగు వేస్తున్నాననుకుని కిందికి తొక్కితే రెండులో పడుతుంది. క్లచ్ టక్కున వదిలారంటే వెనక చక్రం పట్టేస్తుంది, తడి రోడ్డయితే బండి జారిపోతుంది. స్కూటర్ నుంచి గేరు బైకుకి మారేవాళ్ల ఇబ్బంది వేరు. స్కూటర్లో ఎడమ చేతి లివరు బ్రేకు, బైకులో అదే క్లచ్. కంగారులో ఎడమ చెయ్యి బిగిస్తే బండి ఆగకపోగా ఇంజను పట్టు కూడా వదిలి ముందుకు సాగిపోతుంది. చెయ్యికీ కాలికీ కొత్త అలవాటు పడేదాకా చేయించే ఇన్‌స్ట్రక్టరుకే డబ్బు ఇవ్వాలి.

బ్రేకు సంగతీ అంతే. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో మనలో చాలామంది కాలి బ్రేకు మీదే ఆధారపడతారు. ఎమర్జెన్సీ స్టాప్ నేర్పేటప్పుడు పొడి రోడ్డు మీద ముప్పాతిక వంతు ముందు బ్రేకు, పావు వంతు వెనక బ్రేకు, తడిలో సగం సగం అని చెబుతారు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ఆ స్థితిలో వెనకది ఒక్కటే గట్టిగా తొక్కితే చక్రం పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. ముందు లివరును ఒక్కసారిగా గుంజకూడదు. మొదట మెత్తగా పట్టి, బరువు ముందుకు దిగాక బిగించాలి. బండి నిటారుగా, హ్యాండిల్ సూటిగా ఉండాలి. ఆగబోయే ముందు మాత్రమే క్లచ్ పట్టాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా యూటర్న్ తీసుకునేటప్పుడు మాత్రం ముందు బ్రేకు ముట్టకూడదు, బండి ఆ పక్కకే పడిపోతుంది. అక్కడ సగం వదిలిన క్లచ్, మెల్లగా నొక్కిన వెనక బ్రేకు, చూపు మాత్రం వెళ్లాల్సిన వైపు. ఎనిమిది ఆకారంలో తిప్పించేది ఈ మూడూ కుదరడానికే. ఇన్‌స్ట్రక్టరు ప్రతిదీ ముందు తను చేసి చూపించాలి, తర్వాత మీతో చేయించాలి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. కోన్లు పెట్టేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే అది శిక్షణ కాదు.

భుజం మీదుగా వెనక్కి చూడటాన్ని లైఫ్‌సేవర్ అంటారు. తిరగబోయే ముందు అద్దంలో కనిపించని బండి కోసం చూసే చివరి చూపు అది. అద్దాలు మడిచిపెట్టుకుని తిరిగిన అలవాటుకు ఇది చాలా కష్టంగా అనిపిస్తుంది, అయినా మెడ దానంతటదే తిరిగేదాకా చేయాల్సిందే.

రోడ్డు మీదికి వెళ్లినప్పుడు ఇన్‌స్ట్రక్టరు వెనక వస్తూ రేడియోలో చెబుతుంటాడు. గేటు దాటకముందే రేడియో సరిగ్గా వినబడుతోందో లేదో చూసుకోండి. రేడియో చెడిపోయినా "నా వెనకే వచ్చేయ్" అని బయల్దేరే చోట ఆగిపోయే హక్కు మీకుంది. రెండు గంటలంటే నడిపిన రెండు గంటలు, టీకి ఆగింది కలిపి కాదు. ఆ సమయంలో సిగ్నళ్లు, రౌండబౌట్లు, జంక్షన్లు, పాదచారుల క్రాసింగులు, ఎత్తు పల్లాలు, మలుపులు, దారిలో అడ్డంకులు అన్నీ రావాలి. రౌండబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఇండికేటరు దానంతటదే ఆరదు, తిరిగాక ఆపకపోతే ఎదురుగా వచ్చేవాడు మీరింకా తిరుగుతారనుకుని ముందుకు దూకుతాడు. ముందు బండికి 2 సెకన్ల దూరం, వానలో 4 సెకన్లు. తడిసిన మ్యాన్‌హోల్ మూత, తెల్లగీత, డీజిల్ మరక, రాలిన ఆకులు, వీటి మీద బ్రేకు వెయ్యకుండా దాటడం ఎలాగో డి భాగంలో చెప్పి, రోడ్డు మీద చూపించాలి.

సీబీటీలో పాస్, ఫెయిల్ లేవు. ఇన్‌స్ట్రక్టరుకు నమ్మకం కుదిరితే సర్టిఫికెట్ ఇస్తాడు, లేకపోతే మరో రోజు రమ్మంటాడు. మళ్లీ రమ్మన్నందుకు కోపం తెచ్చుకోకండి. నా అభిప్రాయంలో అది మంచి స్కూలు లక్షణం, గ్యారంటీ అనేదే చెడ్డ గుర్తు. అడగాల్సింది ఒకటే: మళ్లీ వస్తే పూర్తి ఫీజా, తగ్గించిన ఫీజా? ఇది బుకింగ్ రోజే తేల్చుకోవాలి. ఈ విషయం ముందు చెప్పకుండా అందరినీ రెండోసారి పూర్తి ఫీజుతో పిలిచే చోట్లు కూడా ఉన్నాయి.

చేతికి వచ్చే సర్టిఫికెట్ పేరు డీఎల్196, గడువు 2 ఏళ్లు. పేరు, లైసెన్సు నంబరు, తేదీ అక్కడే సరిచూసుకోండి. 17 ఏళ్లు నిండితే 125 సీసీ వరకు, 16 ఏళ్లకైతే 50 సీసీ మోపెడ్. ముందూ వెనకా ఎల్ ప్లేట్లు ఉండాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో "రాకుండానే సర్టిఫికెట్" అని అమ్మేవాళ్ల మాట క్లుప్తంగా చెబుతాను. అది పోలీసుల ముందు పనికిరాదు. లైసెన్సుకు విరుద్ధంగా నడిపినందుకు 1,000 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 నుంచి 6 పెనాల్టీ పాయింట్లు. ఇన్సూరెన్సు కూడా చెల్లకపోతే ఆ నేరానికి 300 పౌండ్లు, 6 పాయింట్లు వేరే, బండినీ తీసుకుపోతారు. దొంగ కాగితం వాడినందుకు విడిగా కేసు అవుతుంది. ఇండియా లైసెన్సును మార్పించి ఇస్తామనేవాళ్లదీ అబద్ధమే. లైసెన్సు మార్చుకునే దేశాల జాబితాలో ఇండియా లేదు. చెల్లుబాటులో ఉన్న ఇండియా లైసెన్సు మీద ఉన్న చిన్న వాహనాలను స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, ఆ తర్వాత ప్రొవిజనల్ లైసెన్సు (మన లెర్నర్ లైసెన్సు లాంటిది), సీబీటీ తప్పవు.

వెళ్లే రోజు ప్రొవిజనల్ కార్డు చేతిలో లేకపోతే చాలా స్కూళ్లు లోపలికే రానివ్వవు, ఫీజూ తిరిగి రాదు. లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ సైటులో తీసిన చెక్ కోడ్ (మీ లైసెన్సు వివరాలు స్కూలు చూసుకునే కోడ్) అడిగితే అదీ ఇవ్వాలి. 20 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవలేకపోతే అక్కడితో ఆపేస్తారు, కాబట్టి కళ్లద్దాలు మర్చిపోవద్దు. చీలమండ కప్పే బూట్లు, మందపాటి జీన్స్, గ్లవ్స్ వేసుకెళ్లండి. ఊరి నుంచి తెచ్చుకున్న హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు మాత్రమే ఉంటే ఇక్కడి చట్టానికి సరిపోదు, ఈసీఈ 22.05, 22.06 లాంటి ఇక్కడ చెల్లే భద్రతా ప్రమాణం గుర్తు ఉండాలి.

ఫుడ్ డెలివరీ కోసమే సీబీటీ చేస్తున్నవాళ్లకు మరో మాట, ఎందుకంటే స్కూళ్లు దీన్నే ఎరగా వేస్తున్నాయి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం, డెలివరీ యాప్‌లు రైడర్లను స్వయం ఉపాధి కిందే చూస్తాయి. ఇంకొకరి అకౌంటు అద్దెకు తీసుకున్నా అదే నేరం. గ్రాడ్యుయేట్ వీసాలో స్వయం ఉపాధికి అనుమతి ఉంది, కానీ మామూలు ఇన్సూరెన్సు డెలివరీకి చెల్లదు, హైర్ అండ్ రివార్డ్ కవర్ (డబ్బుకు డెలివరీ చేసేవాళ్ల ఇన్సూరెన్సు) విడిగా తీసుకోవాలి. దాని ఖరీదు సీబీటీ ఫీజుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ముందు ఆ కొటేషన్ తెప్పించుకుని, తర్వాత శిక్షణ బుక్ చేసుకోండి.

డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గా, ముఖ్యంగా వ్యక్తి పేరున్న ఖాతాకు పంపొద్దు. ఫీజు 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతో నేరుగా స్కూలుకే కట్టండి, తేడా వస్తే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని డబ్బు వాపసు అడగొచ్చు. ఏజెంటు ద్వారా కడితే ఆ రక్షణ దక్కకపోవచ్చు. డెబిట్ కార్డయితే బ్యాంకును చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి తెప్పించమని అడగాలి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే, రోడ్డు మీదికి బయల్దేరిన సమయం, తిరిగొచ్చిన సమయం, మీతో ఎంతమంది ఉన్నారు, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు అన్నవి ఆ రోజే రాసి పెట్టుకుని, రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేసి ముందు స్కూలుకి ఈమెయిల్ పంపండి. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం మిగిలిన శిక్షణ మళ్లీ ఇవ్వమని గానీ డబ్బు తగ్గించమని గానీ అడిగే హక్కు మీకుంది. రోడ్డు మీద 2 గంటలు ఇవ్వకుండా సర్టిఫికెట్ రాసిచ్చినా, ఒకరి దగ్గర ఇద్దరికి మించి రోడ్డెక్కించినా అదే కాగితాలతో డీవీఎస్ఏకి కూడా ఫిర్యాదు చేయండి, ఆ స్కూలుకి ఆమోదం ఇచ్చింది వాళ్లే.