ఆరడుగుల డకోటాకి ఏ షీటు మేలు?

మోడల్ విమానం పెద్దది కడదామనుకునే కుర్రాళ్లు ముందు మోటారు గురించి అడుగుతారు. నేను ముందు షీటు గురించి చెబుతాను, ఎందుకంటే మన గోదావరి డెల్టాలో విమానాన్ని పాడుచేసేది గాలి కన్నా తేమే.

డకోటా అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండు ఇంజన్ల రవాణా విమానం. అసలు విమానం రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి 29 మీటర్లు. పదహారో వంతుకి కుదిస్తే 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు. ఈ రెక్కకి పైనా కిందా కలిపి సుమారు ముప్పావు చదరపు మీటరు షీటు పడుతుంది.

ఫ్లెక్స్ షాపులో ఫోమ్ షీటు అడిగితే సన్‌బోర్డ్ చేతిలో పెడతారు. అది పీవీసీ. 5 మి.మీ. మందానిది చదరపు మీటరుకి రెండున్నర కిలోల దాకా తూగుతుంది. దాన్ని అక్కడే వదిలేయండి. పోటీ అంతా రెండింటి మధ్యే. ఒకటి రెండు వైపులా కాగితం అంటించిన ఫోమ్ బోర్డు. రెండోది కాగితం లేని ఎక్స్‌పీఎస్: థర్మాకోల్ జాతిదే గానీ పూసలు కనపడని నున్నటి షీటు. అదే 5 మి.మీ. మందంలో మొదటిది కాగితం మందాన్ని బట్టి చదరపు మీటరుకి 300 నుంచి 550 గ్రాములుంటుంది, రెండోది 200 గ్రాముల చుట్టుపక్కల.

తూకంలో ఎక్స్‌పీఎస్ గెలిచినట్టే. కానీ చేత్తో పని మొదలుపెట్టాక కాగితం విలువ తెలుస్తుంది. కట్టర్‌తో పై కాగితం, లోపలి ఫోమ్ కోసి కింది కాగితాన్ని వదిలేస్తే అదే మడత, అదే హింజ్. లోపలి వైపు కాగితం ఒలిచేసి బల్ల అంచుకి ఆనించి మెల్లగా లాగితే రెక్క ముందు అంచు గుండ్రంగా వంగుతుంది. ఎక్స్‌పీఎస్‌ని అలా వంచబోతే టక్కున విరుగుతుంది, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ ఓపిగ్గా వంచాలి. పైగా గాలిలో రెక్క పైకి వంగినప్పుడు ఆ లాగుడు కింది కాగితం తట్టుకుంటుంది. ఎక్స్‌పీఎస్ రెక్కకి ఆ బలం టేపుతో తెచ్చుకోవాలి. లోపల వెదురు బద్దో కార్బన్ గొట్టమో మాత్రం రెండింటికీ తప్పదు.

ఇక తేమ సంగతి. కొబ్బరితోటల మధ్య విమానం దించే చోటుండదు. సార్వా కోతలకీ దాళ్వా ఊడ్పులకీ మధ్య ఖాళీగా ఉండే వరిచేలే మన రన్‌వే. ధనుర్మాసం పొద్దున్న మంచుకి తడిసిన మోళ్ల మీద నాలుగుసార్లు దించితే పొట్ట కింద కాగితం ఉబ్బి లేచిపోతుంది. భీమవరం వైపైతే చుట్టూ చెరువులే. నా మొదటి డకోటా రొయ్యల చెరువులో పడింది. గట్టుకి చేర్చేసరికి పది నిమిషాలు పట్టింది, రెక్క పట్టుకుంటే కాగితం తడి అప్పడంలా చేతికి ఊడొచ్చింది. అదే చెరువులో పడిన మా తమ్ముడి ఎక్స్‌పీఎస్ గ్లైడర్‌ని మాత్రం తువ్వాలుతో తుడిచి పక్కన పెట్టాం, అంతే.

అందుకే ఇప్పుడు రెక్కలు, తోక కాగితం బోర్డుతో చేస్తాను. నేలకి తగిలే పొట్ట ఎక్స్‌పీఎస్‌తో చేసి, కింద ప్యాకింగ్ టేపు అంటిస్తాను. చెరువుల మధ్యే ఎగరేసేవాళ్లైతే మొత్తం ఎక్స్‌పీఎస్‌తోనే చేసుకోండి, వంపుల దగ్గర పడే శ్రమకి ఫలితం ఉంటుంది.

రంగు దగ్గర స్ప్రే డబ్బా టెంప్ట్ చేస్తుంది. డకోటా వెండి మెరుపు స్ప్రేతో వచ్చినంత బాగా బ్రష్‌తో రాదు, ఒప్పుకుంటాను. కానీ మామూలు స్ప్రేలో ఉండే థిన్నర్ ఈ ఫోమ్‌ని కరిగించేస్తుంది. ఒకసారి కొట్టి చూసి, కాగితం మీద పడినంత మేర ఏమీ కాలేదని సంబరపడ్డాను. పొద్దున్నే చూస్తే రెక్క వెనక అంచున రెండు కాగితాలు మిగిలాయి, మధ్యలో ఫోమ్ వేలెడు లోతున ఖాళీ. అప్పటి నుంచి నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగే, చిన్న స్పాంజి రోలర్‌తో.

రంగు వేసే ముందు, కోసిన అంచులకి నీటి ఆధారిత వార్నిష్ రెండు పూతలు పట్టించాలి, తేమ దూరేది అక్కడి నుంచే. షీటుకి ఒక వైపే రంగేస్తే ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది, కాబట్టి రెండో వైపు కూడా అదే రోజు వేసేయాలి. తోక మీద మాత్రం ఒక్క పల్చటి పూతతో ఆపేయండి. డకోటా ముక్కు పొట్టి, తోక పొడుగు. తోక మీద ఎక్కిన ఒక్కో గ్రాముకి బ్యాలెన్స్ కోసం ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాల్సి వస్తుంది.