"ఫుల్ జూమ్ ప్రొటెక్షన్" అంటూ అమ్ముతున్న ఆ లెన్స్ హుడ్ కొనేముందు ఇది చదవండి

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుపోండి. హుడ్ అంటే లెన్స్ ముందు బిగించే ప్లాస్టిక్ అంచు, పక్కనుంచి ఎండ గాజు మీద పడి ఫోటో వెలిసిపోకుండా (దాన్నే ఫ్లేర్ అంటారు) ఆపడానికి. సెల్లర్ ఎవరో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు, 58 ఎంఎం పూలరేకుల హుడ్ అని వెతికితే పైనే కూర్చుని ఉంటాడు, బోలెడు స్టార్లు, కింద అందరూ "సూపర్ క్వాలిటీ" అని రివ్యూలు. పేరు రాస్తే పోస్ట్ లేపేయిస్తాడు కాబట్టి రాయట్లేదు.

నా దగ్గరున్నది 18-55 (18 ఎంఎం దగ్గర వెడల్పుగా చూపిస్తుంది, 55కి తిప్పితే జూమ్ అవుతుంది), కెమెరాతో పాటు వచ్చే పాత రకం కిట్ లెన్స్, ఫోకస్ అవుతుంటే ముందు భాగం మొత్తం గిర్రున తిరిగే టైపు. దానికి థ్రెడ్‌లో, అంటే లెన్స్ ముందుండే 58 ఎంఎం మరలో, బిగించే హుడ్ తీసుకున్నా. లిస్టింగ్‌లో ఏం రాశాడంటే "18 నుంచి 55 దాకా ఎక్కడైనా ఫ్లేర్ రాదు, అన్ని 58 ఎంఎం లెన్సులకీ సరిపోతుంది" అని. సరిపోయింది లెండి, థ్రెడ్ భేషుగ్గా పట్టింది, ఆ మాత్రానికి సంతోషించాలేమో మనం.

సాయంత్రం వాలుటెండలో బయట గ్రూప్ ఫోటోలు తీశా. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే 18 దగ్గర తీసినవాటిల్లో ఎదురెదురు మూలలు రెండూ నల్లగా కోసేసినట్టున్నాయి. తీసేటప్పుడు కనబడలేదా అంటారేమో, ఈ చిన్న డీఎస్ఎల్ఆర్‌ల వ్యూఫైండర్ ఫ్రేమ్‌లో 95 శాతం మాత్రమే చూపిస్తుంది, మూలలు అందులో పడవు. పైగా మనం చూసేటప్పుడు అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఉంటుంది, అప్పుడు ఆ నలుపు మెత్తగా కలిసిపోతుంది, ఫోటో పడేటప్పుడు అది ఎఫ్/11కి, అంటే బాగా చిన్నగా, మూసుకోగానే హుడ్ అంచు స్పష్టంగా బయటపడుతుంది. సరే 55 దగ్గరవైనా బాగున్నాయా అంటే మూలలు శుభ్రంగా ఉన్నాయి, మొహాలు మాత్రం అందర్నీ మంచులో నిలబెట్టి తీసినట్టున్నాయి, కాంట్రాస్ట్ అన్నదే లేదు. పక్కనుంచి ఎండ గాజు మీద పడుతూనే ఉంది, హుడ్ అలంకారానికి ఉంది. ఆ ఫోటోలు మళ్లీ తీయడం కుదరదు, ఆ మనుషులందర్నీ మళ్లీ ఒకచోట చేర్చేదెవరు.

ఇంతవరకూ కూడా పర్లేదు, వస్తువు బాలేదు, తిరిగి ఇచ్చేద్దాం అనుకున్నా. అసలు కథ చాట్‌లో మొదలైంది.

మూలలు నల్లబడ్డ ఫోటో పంపిస్తే వచ్చిన జవాబు: "సార్, కొంచెం జూమ్ చేసి తీయండి, మూలలు పోతాయి." సరే అని 55 దగ్గర తీసిన తెల్లగా వెలిసిపోయిన ఫోటో పంపా. దానికి జవాబు: "సార్, అంత జూమ్ చేస్తే హుడ్ పనిచేయదు, వెనక్కి రండి." నేను ఒకటికి రెండుసార్లు చదువుకున్నా, నిజంగానే ఒకే మనిషి ఒకే చాట్‌లో ఒకదాని కింద ఒకటి రాశాడు! మరి "18 నుంచి 55 దాకా" అని లిస్టింగ్‌లో ఎందుకు పెట్టారండీ అంటే, "లెన్స్‌కి సరిపోతుందని రాశాం సార్, ప్రతి జూమ్‌లోనూ పనిచేస్తుందని రాయలేదు" అన్నాడు. లిస్టింగ్ స్క్రీన్‌షాట్ పెట్టా. కాసేపు టైపింగ్ అని చూపించి చూపించి చివరికి "ప్రొఫెషనల్స్ ఎవరూ ఇలా కంప్లైంట్ చేయలేదు సార్, ముందు కెమెరా వాడటం నేర్చుకోండి" అని ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ నవ్వు బొమ్మ చూశాక ఒళ్లు మండిపోయింది. రిటర్న్ అడిగితే "థ్రెడ్ మీద గీతలున్నాయి, వాడిన వస్తువు తీసుకోం" అట. థ్రెడ్‌లో తిప్పకుండా హుడ్ ఎలా పరీక్షించాలి నాయనా, లెన్స్ ముందు గాల్లో పట్టుకోవాలా? నేను ఆ మాట టైప్ చేస్తుండగానే చాట్ మూసేసి "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్, దాని కింద మాకు రేటింగ్ ఇవ్వండి అని అయిదు ఖాళీ స్టార్లు. ఇచ్చా, చక్కగా ఒకటి ఇచ్చా.

ఇప్పుడు కోపం పక్కనపెట్టి (పూర్తిగా పెట్టలేను గానీ) అసలు విషయం చెప్తా. జూమ్ లెన్స్‌కి వేసే ఏ హుడ్ అయినా వైడ్ చివరకి, అంటే లెన్స్ బాగా వెడల్పుగా చూసే చివరకి, కొలిచి చేయాల్సిందే. 18 దగ్గర ఈ లెన్స్ మూల నుంచి మూలకి సుమారు 74 డిగ్రీలు చూస్తుంది, 55 దగ్గర 28 లోపే. 74కి అడ్డం రాకుండా ఉండాలంటే హుడ్ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. 28కి పనికొచ్చేలా చేయాలంటే పొడుగ్గా ఉండాలి, అలా చేస్తే 18 దగ్గర ఫోటో కాస్తా గొట్టంలోంచి చూసినట్టే. రెండూ ఒకే ప్లాస్టిక్ ముక్కలో కుదరవు. పెద్ద (ఫుల్‌ఫ్రేమ్) సెన్సార్ కెమెరాల 24-105 జూమ్‌కి కంపెనీ ఇచ్చే హుడ్ కూడా 84 డిగ్రీలకి కొలిచిందే, 105 దగ్గరికొచ్చేసరికి లెన్స్ చూసేది 23 డిగ్రీలే, అక్కడ అది చేసే సాయం చాలా తక్కువ. అదే లెన్స్ క్రాప్ సెన్సార్ (నాలాంటి చిన్న సెన్సార్) బాడీకి పెడితే 24 దగ్గర కూడా సుమారు 60 డిగ్రీలే వాడుకుంటాం, అంటే హుడ్ వైడ్‌లోనూ పొట్టిదే అయిపోతుంది. దీన్ని నిజంగా బుర్రపెట్టి దాటిన డిజైన్ ఒకటుంది, 2002లో వచ్చిన కెనాన్ 24-70 ఎఫ్/2.8 ఎల్. అది మామూలు జూమ్‌లకి ఉల్టాగా పనిచేస్తుంది, 24 దగ్గర ముందుకి సాగుతుంది, 70 దగ్గర లోపలికి పోతుంది, హుడ్ మాత్రం కదలని బయటి బాడీకి తగులుకుని ఉంటుంది కాబట్టి జూమ్ చేసేకొద్దీ గాజు హుడ్‌లోకి లోతుగా వెళ్తుంది. అంత పెద్ద హుడ్, అంత బరువు లెన్స్ ఉంటే తప్ప కుదరని పని, మనవాడు గుప్పెడు ప్లాస్టిక్‌తో సాధించేశాడట!

పూలరేకుల సంగతి ఇంకా దారుణం. ఆ రేకులు అందానికి పెట్టినవి కావు. సెన్సార్ అడ్డంగా పొడుగు దీర్ఘచతురస్రం కాబట్టి పైనా కిందా పెద్ద రేకులు, పక్కల చిన్నవి, మూలల దగ్గర లోతుగా కోతలు. అవి ఉన్నచోటే ఉంటేనే లెక్క సరిపోతుంది. నా లెన్స్‌లో ముందు భాగం ఫోకస్‌తో పాటు తిరుగుతుంది, దాంతో హుడ్ కూడా తిరుగుతుంది, పైనుండాల్సిన పెద్ద రేకు మూలకొచ్చి కూర్చుంటుంది, కిందది దానికి ఎదురు మూలకి. ఆ రెండు మూలల నలుపు అదే. అందుకే ఇలా తిరిగే లెన్సులకి కంపెనీవాళ్లు గుండ్రటి హుడ్ ఇస్తారు, రేకులది ఇవ్వరు. అమ్మేవాడికి ఇదంతా తెలియదని నేను నమ్మను. తెలియకపోతే "వెనక్కి రండి" అని అంత కచ్చితంగా ఎలా చెప్తాడు?

హుడ్లన్నీ వేస్ట్ అనడం లేదు నేను. సరైన హుడ్ వైడ్‌లో పనిచేస్తుంది, కింద పడితే ముందు దెబ్బ అది తింటుంది. సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉంటే ఏ హుడ్డూ ఆపలేదు, అది వేరే సంగతి.

కొనేవాళ్లకి రెండు ముక్కలు, ఇక చెయ్యి నొప్పెడుతోంది. థ్రెడ్ సైజు చూసి కొనకండి, మీ లెన్స్ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన హుడ్ కోడ్ ఏంటో చూసి అదే కోడ్‌ది తీసుకోండి, వేరే కంపెనీ చేసినదైనా సరే. ముందు భాగం తిరిగే లెన్స్ అయితే రేకుల హుడ్ జోలికే వెళ్లొద్దు. రాగానే బాగా వైడ్‌లో పెట్టి, ఎఫ్/16లో, తెల్లగోడని దగ్గర ఫోకస్‌లో ఒకటి, దూరం ఫోకస్‌లో ఒకటి తీసి మూలలు చూడండి, ఫిల్టర్ వాడేవాళ్లయితే ఫిల్టర్‌తో సహా. ప్యాకెట్ విప్పేటప్పటి నుంచీ వీడియో తీసుకోండి, గీతల కథ మీకూ చెప్తాడు. టెలీలో (బాగా జూమ్ చేసినప్పుడు) పక్కనుంచి ఎండ కొడితే ఫ్రేమ్‌లోకి రాకుండా అరచెయ్యి అడ్డం పెట్టండి, గాజు మీద నీడ పడితే చాలు, ఈ హుడ్ కంటే అది నయం. నా రిటర్న్ గొడవ ప్లాట్‌ఫామ్ వాళ్ల దగ్గర పెండింగ్‌లో ఉంది, ఈ సెల్లర్ దగ్గర ఎవరికైనా డబ్బు వెనక్కి వచ్చుంటే ఏ కారణం సెలెక్ట్ చేశారో కింద చెప్పండి ప్లీజ్.