బోధ్‌గయలో ఒక రాత్రి

కాశీ యాత్రకు వెళ్లే మనవాళ్లు చాలామంది గయలో పిండప్రదానం అయ్యాక బోధ్‌గయకు గంటన్నర మించి ఇవ్వరు. మహాబోధి గుడి ముందు బస్సు దిగడం, గబగబా చుట్టి రావడం, అంతే. నాన్నా నేనూ ఎవరి ప్యాకేజీలోనూ లేం కాబట్టి ఒక రాత్రి అక్కడే ఉన్నాం. పైసా పైసా లెక్కేసుకుని చేసిన ఆ యాత్రలో పెట్టిన డబ్బుకు గిట్టుబాటైంది ఆ ఒక్క రాత్రే అంటాను.

గయ స్టేషన్ నుంచి బోధ్‌గయ సుమారు 15 కిలోమీటర్లు. బయటికి రాగానే ఆటోవాళ్లు మొత్తం ఆటో మాట్లాడుకోమంటూ చుట్టుముడతారు. షేర్ ఆటో కావాలని గట్టిగా అడిగితే దొరుకుతుంది, కాస్త ఇరుక్కుని కూర్చోవాలి. చలికాలంలో పొగమంచుకు రైళ్లు బాగా లేటవుతాయి. మాది ఐదు గంటలు లేటు. దిగిన రోజే తిరుగు టికెట్ పెట్టుకుని ఉంటే ఎంత టెన్షనో!

ముందే ఫోన్‌లో మాట్లాడుకున్న లాడ్జి, తీరా వెళ్లాక సీజన్ అంటూ రేటు రెట్టింపు చేసింది. బ్యాగులు భుజాన వేసుకుని బయటికొచ్చేశాం. ఆ ఊళ్లో థాయ్, బర్మా, భూటాన్, జపాన్, టిబెట్ వాళ్ల మఠాలు చాలా ఉన్నాయి. కొన్నింట్లో యాత్రికులకు గదులిస్తారు. మూడో మఠంలో మాకు దొరికింది. రెండు మంచాలు, మందపాటి దుప్పట్లు, బకెట్‌లో వేడినీళ్లు. టీవీ లేదు, రాత్రి త్వరగా గేటు వేసేస్తారు. అద్దె ఎంతని అడిగితే మీ ఇష్టం అన్నారు. ఇష్టం అన్నారు కదా అని ఊరికే ఉండిపోకూడదు. లాడ్జివాడు మొదట చెప్పిన రేటెంతో అంతా నాన్న హుండీలో వేశారు.

గుడికి టికెట్ లేదు. ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు తెరిచి ఉంటుంది. 2013లో బాంబులు పేలినప్పటి నుంచి ఫోన్లు లోపలికి రానివ్వరు. బయట కౌంటర్లో ఇవ్వొచ్చు గానీ గదిలోనే వదిలేసి వెళ్తే ఆ క్యూ తప్పుతుంది. చలికాలమైతే సాక్సులు ఉంచుకోండి, రాతి నేల మంచుగడ్డలా ఉంటుంది.

సుమారు 55 మీటర్ల శిఖరం కింద భూమిస్పర్శ ముద్రలో ఉన్న బుద్ధుడి దర్శనం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అలవాటుగా 'గోవిందా' అనబోయిన నాన్న చుట్టూ చూసి నోరు మూసుకున్నారు. అక్కడి నిశ్శబ్దం అలాంటిది. అసలు చోటు గుడి వెనక, పడమటి వైపు బోధివృక్షం కింద. ఒకవైపు పాళీలో పఠనం, ఇంకోవైపు టిబెటన్ భిక్షువులు చెక్కపలకల మీద సాష్టాంగ నమస్కారాలు. వాళ్ల ముందు నుంచి అడ్డంగా నడవకండి, పలకలు దాటకండి. ప్రదక్షిణ మన గుళ్లలాగే కుడివైపుగా. ఆకులు తెంపకూడదు, రాలింది తీసుకోవచ్చు. గాలి వీచినప్పుడల్లా పెద్దవాళ్లు సైతం చిన్నపిల్లల్లా పైకి చూస్తుంటారు.

ఈ చెట్టు 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి కనింగ్‌హామ్ నాటించిందని చెబితే నాన్న మొహం చిన్నబోయింది.

"అయితే బుద్ధుడు కూర్చున్నది దీని కింద కాదా?"

"పాత చెట్టు కూలిపోయింది నాన్నా. ఇది దాని మొలకే."

కాసేపు ఆగి, "మనవడన్నమాట," అన్నారు. పొద్దున్నే తాతయ్యకు పిండం పెట్టి వచ్చిన మనిషి.

మర్నాడు మిగతావి నడిచే చూశాం. 1989 నాటి 80 అడుగుల బుద్ధుడి దగ్గర ఫోటోలకే జనం. విదేశీ మఠాలు మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లడం మేలు. అనాథపిల్లల బడికి చందా అంటూ వెంటపడేవాళ్లుంటారు, నమస్కారం పెట్టి సాగిపోవడమే. టైముంటే నది అవతల సుజాత స్తూపానికి వెళ్లండి. సిద్ధార్థుడికి పాయసం పెట్టిన సుజాత పేరు మీద ఉన్న ఇటుకల దిబ్బ అది. హడావుడి లేదు.

మేం మాత్రం వెళ్లలేదు. తెల్లవారుజామున ఐదింటికే మళ్లీ చెట్టు కిందికి చేరిన నాన్న, తొమ్మిదైనా లేవలేదు.