చెన్నైలో పాత కుర్చీల వేట

పాత చెక్క కుర్చీలు కావాలంటే తమిళనాడులోని కారైకుడి వెళ్ళమని చాలామంది చెబుతారు. నిజమే, చెట్టినాడు ఇళ్ళు విప్పినప్పుడు బయటపడ్డ తలుపులు, స్తంభాలు, కుర్చీలు అక్కడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో గుట్టలుగా ఉంటాయి. కానీ నెల్లూరు నుంచి అంత దూరం పోయి, కొన్నవాటిని మళ్ళీ మోసుకురావడం కంటే చెన్నై నయమనిపించింది. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు. కారైకుడి సరుకు కొంత అక్కడికీ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కుర్చీని బాగుచేసే చేతులు చెన్నైలో ఇంకా ఉన్నాయి. మా ఊళ్ళో పేము అల్లేవాళ్ళ కోసం ఆరా తీస్తే ప్లాస్టిక్ వైరు అల్లేవాళ్ళే తేలారు.

మాకు కావలసింది డైనింగ్ టేబుల్ చుట్టూ ఆరు కుర్చీలు, వరండాలో నాన్నగారికి ఒకటి.

బస సంగతి ముందే చెప్పేస్తాను. పాత వస్తువుల షోరూములు ఎక్కువగా ఈసీఆర్ (చెన్నై నుంచి మహాబలిపురం వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, నీలాంకరై దాటాక, ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నాయి. ఊళ్ళో దిగి రోజూ అక్కడికి పోయి రావడం అంటే సగం రోజు ట్రాఫిక్‌కే సరి. అందుకని మొదట ఈసీఆర్ పక్కనే ఒక హోమ్‌స్టేలో దిగాం. వారం మధ్యలో కాబట్టి గది సుఖంగా దొరికింది, ఖాళీ వరండా కూడా ఇచ్చారు. శని, ఆదివారాల్లో అయితే ఆ రోడ్డు జోలికి పోవద్దు. గది అద్దె పెరుగుతుంది, మహాబలిపురం పోయే కార్లతో రోడ్డు నిండిపోతుంది, కొట్టువాడికి మీతో మాట్లాడే ఓపిక ఉండదు. తర్వాత సెంట్రల్ దగ్గర ఒక లాడ్జికి మారాం. రైలుకు దగ్గర అన్న ఒక్క సుగుణం తప్ప దాని గురించి చెప్పడానికేం లేదు. కొన్న రెండు కుర్చీలు రాత్రికి గదిలో పెట్టుకుంటామంటే లగేజీ చార్జీ అన్నారు. కుర్చీలకు కూడా అద్దె కట్టిన ఘనత మాది. చివరికి వెస్ట్ మాంబళంలో మా పిన్ని వాళ్ళింటి కార్ పార్కింగే గోడౌన్ అయింది.

కొట్లకు వెళ్ళేముందు ముట్టుకాడులోని దక్షిణచిత్రకు వెళ్ళాం. ఇది పిన్ని సలహా. 1996లో తెరిచిన ఈ మ్యూజియంలో తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర ఇళ్ళను అసలు చోట విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మంగళవారం సెలవు. మేం కుర్చీల కోసం కాదు, చెక్క కోసం చూశాం. చెట్టినాడు ఇంటి అరుగు మీద స్తంభాన్ని చూడండి. మనిషి చెయ్యి ఆనే ఎత్తులో నున్నగా మెరుస్తుంది, పైన మెరుపు తగ్గుతుంది, మూలల్లో నల్లగా పాత మురికి ఉంటుంది. పాత చెక్క ఎప్పుడూ ఒకే రంగులో ఉండదు. దీన్ని ఓ అరగంట చూసి వెళ్తే, షోరూములో కాలి కింది నుంచి తలదాకా ఒకే ముదురు గోధుమ రంగులో నిగనిగలాడే కుర్చీని చూడగానే అనుమానం దానంతటదే వస్తుంది.

ఈసీఆర్ షోరూములు చూడముచ్చటగా ఉంటాయి. ఏసీ, కాఫీ, మంచి ఇంగ్లీషు. అన్నీ బాగుచేసి, పాలిష్ పట్టించి ఉంటాయి కాబట్టి ఇంటికి తెచ్చుకుని వేసుకోవడమే. తీరిక లేనివాళ్ళకు ఇదే దారి. నాకైతే ఆ పాలిషే నచ్చలేదు. మందంగా కొట్టిన మెలమైన్ పాలిష్ కింద రంపం పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చిన పుచ్చు ఉందో, విరిగి అతికిన కాలు ఉందో తెలియదు. ఒక చోట చేతుల కుర్చీల జత 32,000 చెప్పారు. బోర్లా తిప్పి చూస్తామంటే కుర్రాడు మొహమాటపడ్డాడు. మా ఆవిడ అడగడం మానేసి తనే తిప్పేసింది. కింద అడ్డపట్టీలు తెల్లటి కొత్త చెక్క, ప్లస్ గాడి ఉన్న మరలు. ఆ రకం మరలు మార్కెట్లోకి వచ్చిందే 1930ల మధ్యలో. అలాంటిది కుర్చీ మీద ‘1890’ అని చీటీ. మర తర్వాత వేసి ఉండొచ్చు, కాదనను. కానీ పట్టీలూ కొత్తవే, మరలూ కొత్తవే అయినప్పుడు ఆ సంవత్సరానికి డబ్బు కట్టనవసరం లేదు.

అసలు ‘యాంటిక్’ అన్న మాట ఇక్కడ ఉప్పూపప్పులా వాడేస్తారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకు కనీసం 100 ఏళ్ళు ఉండాలి. మేం చూసినవాటిలో ఎక్కువ భాగం 1930ల నుంచి 1960ల దాకా ఆఫీసులకు, క్లబ్బులకు, బంగళాలకు చేసినట్టు కనిపించినవే. అవి గట్టివి కావని కాదు, మంచి టేకు ఉంటే ఇంకో రెండు తరాలు కూర్చోవచ్చు. ధర మాత్రం ఫర్నిచర్ ధరలా ఉండాలి, పురావస్తువు ధరలా కాదు. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. నూరేళ్ళు దాటినదాన్ని దేశం దాటించడం నేరం, నూరేళ్ళు దాటలేదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవడం క్షేమం. రోజ్‌వుడ్ అయితే అంతర్జాతీయ ఆంక్షలు వేరే ఉన్నాయి.

ఒక షోరూమాయన నిజాయితీ నచ్చింది. తలకిందులు వీ ఆకారం కాళ్ళున్న టేకు కుర్చీ చూపించి, ‘‘ఇది చండీగఢ్ మోడల్, మేమే చేయించాం, కొత్తది’’ అన్నారు. 1950లలో ఆర్కిటెక్ట్ పియరీ జన్నెరే చండీగఢ్ ప్రభుత్వ ఆఫీసుల కోసం గీసిన నమూనా అది. అసలువి విదేశీ వేలాల్లో లక్షలు పలికాక, పాతబడినట్టు చేసిన నకళ్ళు బయలుదేరాయి. కొత్తదని చెప్పి కొత్త ధరకు అమ్మితే తప్పేముంది?

ఊరి లోపలి పాత సామాన్ల గోడౌన్లది వేరే లోకం. పిన్ని వాళ్ళ వడ్రంగి మేస్త్రీ దారి చూపించాడు. దుమ్ము, దోమలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, సగానికి పేము చిరిగి వేలాడుతోంది. గోడౌన్ ఆయన పూర్వీకులు గూడూరు వైపు నుంచి వచ్చారట, ఇంట్లో తెలుగే. ‘‘కూర్చోండి సార్’’ అని, అంతలోనే ‘‘దాని మీద కాదు, అది విరిగింది’’ అన్నాడు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది. పాలిష్ లేని కుర్చీ అబద్ధం ఆడలేదు. మా కొనుగోలంతా ఇక్కడే జరిగింది.

మేస్త్రీ చూసే పద్ధతి చెబుతాను. ముందు కుర్చీని సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి, వీపు పట్టుకుని ఏటవాలుగా ఊపుతాడు. కీళ్ళు కదిలితే పరవాలేదు, విప్పి మళ్ళీ బిగించొచ్చు. బెజ్జంలో దిగిన కొస దగ్గర చెక్కే చీలితే మాత్రం వద్దంటాడు. తర్వాత బోర్లా తిప్పి కాళ్ళ అడుగులు చూస్తాడు. గచ్చు కడిగిన నీళ్ళు పీల్చి మెత్తబడేది అక్కడే. గోటితో నొక్కితే దిగకూడదు. ఆ తర్వాత పుచ్చు. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు ఉన్నంత మాత్రాన భయం లేదు, పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండొచ్చు. నల్ల కాగితం పరిచి, కుర్చీ కాలిని దాని మీద రెండుసార్లు తట్టి, రాత్రంతా అలాగే వదిలేయమన్నాడు. మర్నాడు పొద్దున కాగితం మీద తెల్లటి మెత్తని పొడి ఉంటే పురుగు లోపలే ఉన్నట్టు. టేకు చేవకు, అంటే మాను లోపలి ముదురు చెక్కకు, అది మామూలుగా పట్టదు, అంచుల్లో మిగిలిన తెల్లచెక్కకే పడుతుంది. అందుకే చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అన్నది టేకు బర్మాదా మన దేశానిదా అన్నదానికంటే ముఖ్యం. కొట్లలో అన్నీ బర్మా టేకే అంటారు లెండి.

పేము విషయంలోనూ అడుగు వైపే చూడాలి. చట్రం చుట్టూ వరసగా బెజ్జాలుంటే చేత్తో అల్లింది. బెజ్జాలు లేకుండా పైన గాడిలో పేము షీటు దించి అతికిస్తే మెషీన్ అల్లిక. రెండోది చవక, మార్చడం సులువు. మొదటిది పాత పద్ధతి.

ఆరు కుర్చీల దగ్గర మాకు ఇంట్లోనే చర్చ జరిగింది. గోడౌన్‌లో వంపు చెక్కతో చేసిన గుండ్రటి సీటు కుర్చీలు ఉన్నాయి. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో కూర్చున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ వంశానికి మూలం 1859లో యూరప్ ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ చేసిన 14వ నంబరు కుర్చీ. బీచ్ అనే యూరప్ చెట్టు చెక్కను ఆవిరి పట్టి వంచి, 6 ముక్కలు, 10 మరలు, 2 నట్లతో బిగించేవారు. విప్పితే 36 కుర్చీలు ఒక్క ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి, అందుకే ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాయి. 1869లో పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలూ చేశాయి. సీటు చట్రం లోపలి వైపు చీటీ గానీ ముద్ర గానీ వెతకండి. ఒకదాని మీద చెకోస్లొవేకియా అని ముద్ర కనిపించింది. ఆ దేశం పుట్టిందే 1918లో కాబట్టి కుర్చీ అంతకంటే ముందుది కాదు. మా ఆవిడకు అవి బాగా నచ్చాయి. నాకు అభ్యంతరం ఒక్కటే, బీచ్ మన వానాకాలం తేమకు, పుచ్చుకు టేకులా తట్టుకోదు. ఆవిడ మాటే నెగ్గింది, నాలుగు అవి, రెండు టేకువి తీసుకున్నాం. జతలు కలవకపోయినా సీటు ఎత్తు కలిసింది, అది చాలు.

ఆ ఎత్తు సంగతి టేపుతో తేల్చుకోండి. టేబుల్ 30 అంగుళాలుంటే సీటు 17, 18 అంగుళాల్లో ఉండాలి. పేము సాగిపోయిన సీటును అంచు దగ్గర కొలవాలి, మధ్యలో కాదు. చేతులున్న కుర్చీ అయితే ఆ చేతులు టేబుల్ కింది పట్టీకి తగలకుండా దూరాలి. పాత ఆఫీసు కుర్చీలు చాలావరకు ఇక్కడే తేడా కొడతాయి.

నాన్నగారికి పొడుగు చేతుల ప్లాంటర్ కుర్చీ తీసుకోవాలని వెళ్ళాం. చేతుల కింద నుంచి పలకలు బయటికి తిప్పి వాటి మీద కాళ్ళు చాపుకోవచ్చు, ఎస్టేట్ దొరల సుఖం. కూర్చుని చూస్తే తెలిసింది, సీటు కిందికి, వెనక్కి వాలి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అందులోంచి లేవాలంటే ఇద్దరు కావాలి. దాన్ని వదిలేసి, వీపు కాస్త మాత్రమే వాలిన పేము కుర్చీ తీసుకున్నాం. ముసలివాళ్ళ కోసం కొనేవాళ్ళు వాళ్ళనే కూర్చోబెట్టి లేపి చూడండి, లేదా ఫోన్‌లో సీటు ఎత్తైనా అడగండి.

బాగుచేయించడం అంతా చెన్నైలోనే. పేము అల్లినాయన రిటైరైన పెద్దాయన, చూపు లేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో కుర్చీలు అల్లే ఉద్యోగాలు చూపు లేనివారికి ఇచ్చేవారు, ఈయనా అలాగే చేశారు. నీళ్ళలో నానిన పేము బద్దను బెజ్జంలో దూర్చి, చిన్న చెక్క చీలతో బిగించి, ముందు నుంచి వెనక్కి ఒక వరస, అడ్డంగా ఒక వరస, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, తర్వాత రెండు ఐమూల వరసలు. చివర బెజ్జాలు కనపడకుండా వెడల్పు బద్ద. వేళ్ళు ఒక్కసారి కూడా తడుముకోలేదు. తడి మీద అల్లింది ఆరితే బిగుస్తుంది కాబట్టి మర్నాటి దాకా కూర్చోవద్దన్నారు. వదులైతే అడుగు వైపు తడిగుడ్డ అద్ది నీడలో ఆరబెట్టమన్నారు. ఆయన అడిగిన డబ్బు తక్కువే అనిపించి మేమే కొంచెం కలిపి ఇచ్చాం.

పాలిష్‌కు మేస్త్రీ చేత లక్క, స్పిరిట్ కలిపిన పాతకాలం పాలిషే వేయించాం. వేడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది, నిజమే. కానీ గీత పడిన చోట మాత్రమే మళ్ళీ పూయొచ్చు, పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌కు ఆ వీలుండదు.

రవాణాకు మాధవరం బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ వాళ్ళను అడిగితే కుర్చీలు పైన కట్టేస్తామన్నారు. వద్దనుకుని, ఖాళీగా తిరిగి వచ్చే నెల్లూరు మినీ లారీ మాట్లాడుకున్నాం. కాళ్ళకు, చేతులకు గోనె చుట్టించి, పేము సీట్ల మీద ఏదీ పెట్టనివ్వలేదు. సరుకు విలువ 50,000 దాటి జీఎస్‌టీ బిల్లుతో రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి, షోరూముల్లో కొనేవాళ్ళు అది వాళ్ళ చేతే తీయించుకోండి. రెండు మూడు కుర్చీలకైతే లారీ గిట్టదు. సెంట్రల్‌లో రైల్వే పార్సిల్ ఉంది గానీ ప్యాకింగ్ మనదే, నెల్లూరు స్టేషన్‌లో దింపుకోవడం కూడా మనమే చూసుకోవాలి.