తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న గీతల సూటు

మా అమలాపురంలో సూటు అంటే పెళ్లికొడుకు రిసెప్షన్ రాత్రి ఒక్కసారి వేసుకుని బీరువాలో పెట్టేసేది. నేను మాత్రం నీలం మీద సన్నని తెల్ల గీతల సూటు తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నాను. మేనకోడలి పెళ్లికి కుట్టించాను. ఇప్పుడు కాలేజీ ఫంక్షన్లకీ, చలికాలం పెళ్లిళ్లకీ అదే.

దీనికి ముందు ఒక రెడీమేడ్ సూటు కొన్నాను. రెండో డ్రైక్లీనింగ్‌కే ఛాతీ మీద గుడ్డ బుడగలుగా లేచింది. కోటు ముందు భాగం నిలబడటానికి లోపల ఫ్యూజింగ్ అనే గుడ్డని జిగురుతో అంటిస్తారు, వేడికీ ఆవిరికీ అది ఊడిపోతుంది. అందుకే ఈసారి రాజమండ్రిలో ఒక పాత టైలర్ మాస్టారి దగ్గర ఛాతీకి జిగురు లేకుండా దారంతో కుట్టే కాన్వాస్ గుడ్డ వేయించి కుట్టించాను. కుట్టుకూలి బాగా ఎక్కువైంది. అయినా ఇన్నేళ్లలో ముందు భాగం ఎక్కడా ఉబ్బలేదు.

గుడ్డ చూడగానే మాస్టారు, "గీతలు కలవాలంటే ఇంకాస్త గుడ్డ కావాలండీ" అన్నారు. కోటు చేతికొచ్చాక అర్థమైంది. జేబు మూత మీది గీత కింది గీతతో దారం తేడా లేకుండా కలిసింది. వెనక కాలరు కింద కూడా అంతే, వీపు మీది గీత నేరుగా కాలర్లోకి వెళ్లిపోతుంది. సాదా గుడ్డలో కనిపించని తప్పు గీతల గుడ్డలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు కొనేటప్పుడు ముందు ఈ రెండు చోట్లా చూడండి.

నాది పిన్‌స్ట్రైప్, గుండుసూది మొనతో చుక్కలు పెట్టినట్టుండే గీత. చాక్‌స్ట్రైప్ టైలరు సుద్దతో గీసినట్టు వెడల్పుగా ఉంటుంది, దానికి ఫ్లానెల్ అనే దళసరి, మెత్తటి ఉన్ని గుడ్డ అందం. మన కోనసీమ ఉక్కలో ఫ్లానెల్ వద్దు. పల్చటి ఉన్ని గుడ్డ తీసుకుని, వీపుకి సగం లైనింగే వేయించండి. అలా వేయించినా మార్చి దాటితే నేను దీన్ని ముట్టుకోను.

లోపల తెల్ల చొక్కా, సాదా టై చాలు. గీతల టై వేసుకోవాలంటే దాని గీతలు కోటు గీతల కంటే బాగా వెడల్పుగా ఉండాలి. ఈ కోటుని వేరే పాంటు మీద వేసి చూశాను, బాగాలేదు. సూటులో సగం ఇంట్లో వదిలేసి వచ్చినట్టుంది.

అయిదో ఏడు నడుము బిగుతైంది. మాస్టారు పాంటు వెనక కుట్టు విప్పి వదులు చేశారు. అక్కడ గీతలు ఎలాగూ ఏటవాలుగా కలుస్తాయి కాబట్టి తేడా తెలియలేదు. లోపల గుడ్డ మిగిల్చి కుట్టడం వల్లే అది కుదిరింది.

వానాకాలంలో బూజు భయం. డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు తీసేసి నూలుగుడ్డ కవర్లో వేలాడదీస్తాను, ఎండ కాసిన రోజు నీడలో ఆరేస్తాను. ఇస్త్రీ నేరుగా పెడితే గుడ్డ మెరుపు తేలుతుంది, పైన తడి గుడ్డ వేయాల్సిందే.

ఈ ఏడు చంకల దగ్గర లైనింగ్ చిరిగింది. మాఘమాసం పెళ్లిళ్ల లోపు రాజమండ్రి తీసుకెళ్లి మార్పించాలి.